వైద్యనీతికి పీఠ మెక్కడ?

మూసాపేటనుండి బేగంపేట కెంతో దూరము లేదు. 1897వ సంవత్సరము ఆగష్టు మాసమున ఆ బేగంపేటలోనే రోనాల్డు రాసు దొర హుసేన్ ఖాను అను రోగిని దోమలచేత కరపించి, కాటొక్కింటికి అణా చొప్పున చెల్లించెను. 20వ తేదీని ఆ దోమ కడుపులో మలేరియాక్రిమి కానవచ్చెను. దొరకు 1902లో నోబెలు బహుమాన మబ్బెను. హుసేన్ ఖానుకు అణాలు దక్కెను. జగత్తునకు జరిగిన మేలును మేము చిన్నబుచ్చుటలేదు. కాని ఆ బేరమున ధర నెవ్వరు నిర్ణయించిరను ప్రశ్న నేటికిని సజీవముగానే యున్నది.

2009లో ఖమ్మముజిల్లా భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు టీకా వేయ నారంభించిరి. పాథ్ అను అమెరికా సంస్థయు, భారత వైద్యపరిశోధన మండలియు, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలసి సాగించిన పని యది. 2010 ఏప్రిలులో నిలిచిపోయెను. కొందరు బాలికల మరణములు బహుశః టీకావలన కలిగినవి కావని విచారణసంఘ మభిప్రాయపడినది. దానితో మాకు తగవు లేదు. మా తగవు కాగితములతో. 2013లో పార్లమెంటు స్థాయీసంఘ మొసగిన నివేదికను జూడుడు: మన ప్రాంతమున పరిశీలింపబడిన 9,543 అంగీకారపత్రములలో 1,948 వేలిముద్రలు, 2,763 వసతిగృహపు వార్డెనుల సంతకములు! తల్లిదండ్రులను కాదని వార్డెను సమ్మతించుటయా? వ్రాలు చేయనేరని తల్లికి బిడ్డపై మాటయే లేదని తలంచిరా?

దీనికి చదువెందుకు, మంచితనము చాలదా యని కొందరు వైద్యమిత్రులు మాతో ననుచుందురు. ఆ వార్డెనులు దుర్మార్గులని మే మనుకొనము. పైనుండి యుత్తరువు వచ్చినది, పిల్లలకు మేలన్నారు, సంతకము పెట్టిరి. మంచివారు కలసి చేసిన తప్పు గనుకనే దానికి చదువు కావలెను. పిడుగురాళ్ల పేదస్త్రీలను హైదరాబాదునకు గొనివచ్చి మందుపరీక్షలు జరిపిరని 2011లో గగ్గోలు పుట్టెను. మూసాపేటలో దినకూలిపై బ్రదుకువానికి పరీక్షకు దేహము నిచ్చిన నెలకూలి యొక్కమారుగ చేతబడునన్నచో, వాని సమ్మతి స్వేచ్ఛయా, ఆకలియా? ఈ వివేకము శస్త్రచికిత్సవలెనే అభ్యాసమున గాని పట్టుబడదు.

చట్ట మేమనుచున్నది? 2019 నాటి నియమములు నీతిసంఘమున ఏడుగురికి తగ్గకుండ సభ్యు లుండవలెననియు, అందు సామాన్యపౌరుడు, స్త్రీ, న్యాయవేత్తయే గాక, తత్త్వవేత్తయో నీతిశాస్త్రజ్ఞుడో సమాజశాస్త్రజ్ఞుడో యొక స్వతంత్రుడుండవలెననియు విధించినవి. ఆ నీతిశాస్త్రజ్ఞుని నే సంతలో కొనితెత్తురు? అదే 2019 నుండి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు నీతిపాఠములు చేరినవి, మంచిదే. నల్సారు న్యాయవిశ్వవిద్యాలయము డిప్లొమా నిచ్చుచున్నది, అదియు మంచిదే. పాఠము చెప్పువానికి పాఠము చెప్పువా డెవడు?

1918లో వెలసిన ఉస్మానియా వంటి మహావిశ్వవిద్యాలయము తత్త్వ, న్యాయ, వైద్యశాఖల పండితులను కూర్చి రెండేండ్ల ఎం.ఏ. పట్టమును నెలకొల్పవలెను. ఒక యేడు గ్రంథములతోను, ఒక యేడు గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల మంచములచెంతను గడువవలెను. ఇంగ్లీషు అంగీకారపత్రమును కోయతల్లికి తెలియునట్లు చెప్పనేరని విద్యార్థిని, ఎన్ని మార్కులు వచ్చినను, తప్పింపవలెను. ధనము లేదని పాలకు లందురు. మందుల కంపెనీలు విరాళముతో ముందుకు వచ్చును. ఆ విరాళము మాత్రము ముట్టవలదు. రాబోవు విద్యాసంవత్సరమునకు పది స్థానములతోనైనను తరగతులు తెరువుడు.