తాళం వేసి బూజును కాపాడుతున్నాం

శివమొగ్గ ఇంట్లో వానలు తగ్గాక బీరువా తెరిస్తే, అవ్వ ధర్మవరం పట్టుచీర మడతల్లో తెల్లటి మచ్చలు. దాని కింద తాత లెక్కల పుస్తకం, అట్ట చేతికి మెత్తగా ఊడొచ్చింది. అక్కడున్న నలుగురమూ ఒకే మాట అన్నాం: ఈసారి వానలు ఎక్కువ.

వానను తిట్టి ఏం లాభం? మలెనాడులో వాన కొత్తా? తప్పు మన అలవాటుది. మనవాళ్లు అనంతపురం నుంచి వచ్చారు. విలువైనదైతే మూటగట్టి, పెట్టెలో పెట్టి, తాళం వెయ్యి అన్నది ఆ ఎండల సీమ పద్ధతి. అక్కడ చెల్లింది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలే తడి. ఆ తడిగాలినే లోపల పెట్టి తాళం వేస్తున్నాం, పైగా దాన్ని భద్రం అంటున్నాం.

"మా కాలంలో ఇవన్నీ లేవు" అంటుంది పెద్దమ్మ. నిజమే. అప్పుడు పెంకుటిల్లు, సందుల్లోంచి గాలి, రోజంతా కట్టెల పొయ్యి. ఇప్పుడు కాంక్రీటు గోడలు, మూసిన కిటికీలు, వాన రోజుల్లో హాల్లోనే ఆరేసిన బట్టలు. ఇల్లు మారింది, బీరువా పద్ధతి మాత్రం మారలేదు.

టెస్టింగ్ పని చేసే వాళ్లం కదా, ఊరికే వాదించకుండా తేమ కొలిచే చిన్న మీటర్లు రెండు కొని పెట్టాం. హాల్లో 70 శాతం. బయటి గోడకు ఆనించిన బీరువా లోపల 84. గోడ చల్లగా ఉంటుంది, గాలి చల్లబడే కొద్దీ తేమశాతం పెరుగుతుంది. 60 లోపు ఉంటే బూజు లేవడం కష్టం. బీరువాను గోడ నుంచి జానెడు జరిపి, పొడి ఎండ కాసిన రోజుల్లో తలుపులు తీసి పెడితే సగం పని అవుతుంది. ఎడతెగని వానలో తీస్తే మాత్రం తడిగాలినే పిలిచినట్టు.

ఇక ఆ తెల్ల ఉండలు. కన్నడలో వాటిని నుసి గుళిగె అంటారు. నుసి అంటే పురుగు. పేరులోనే ఉంది కదా, అది పురుగుకు, బూష్టుకు కాదు! మనమేమో కలరా ఉండలు అంటాం. ఆ వాసన పసిపిల్లలకు మంచిది కాదు, బూజుకు ఏమీ కాదు. ప్లాస్టిక్ కవరూ అంతే, లోపలి తడిని బయటికి పోనివ్వదు. గంజి పెట్టిన నూలు చీరను అలాగే మడిచి దాస్తే బూజుకు అన్నం పెట్టినట్టే. ఉతికి, గంజి వదిలించి, బాగా ఆరాక పాత పంచెలో చుట్టండి. సిలికా జెల్ పొట్లాలు పనిచేస్తాయి కానీ, నీరు పీల్చి నిండాక మళ్లీ వేడిచేయకపోతే ఇసుకతో సమానం.

మచ్చ పడ్డ పట్టును తడిగుడ్డతో రుద్దొద్దు (మేం రుద్దాం, ఇంకా పాకింది). మాస్కు కట్టుకుని, ఇంటి బయట నీడలో ఆరేసి, పొడిగా అయ్యాక మెత్తటి బ్రష్‌తో దులపాలి.

తాత పుస్తకంలో సగం పేజీలు అతుక్కుపోయాయి. కన్నడ మీడియంలో చదివినవాళ్లం, ఆ తెలుగు గొలుసుకట్టు రాత మాకు ముందే కష్టం. పెద్దమ్మ చదివి పెడతానంటే, తర్వాత చూద్దాంలే అని పదేళ్లుగా మళ్లీ మళ్లీ బీరువాలోనే పెట్టాం.

రెండో బీరువా తాళంచెవి ఇంకా పెద్దమ్మ కొంగుకే ఉంది. ఈ ఆదివారం ఎండ కాస్తే అడుగుతాం.