‘క్యాన్సర్‌కు చెక్’ పెట్టేవాళ్లకు

క్లోమ క్యాన్సర్ గడ్డ ముక్కకు రంగులద్ది మైక్రోస్కోపు కింద పెట్టండి. ముందు కంటపడేది క్యాన్సర్ కాదు, గులాబీ రంగు పీచు. ఎటు చూసినా కొల్లాజెన్ నారలు, వాటి మధ్య సన్నగా సాగిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలు. ఎక్కడో ఒక మూల, ఆ పీచులో ఇరుక్కుని, క్యాన్సర్ కణాల గుంపు. కొన్ని గడ్డల్లో 80, 90 శాతం దాకా ఈ పరిసరమే ఉంటుంది. మరి ఇన్నాళ్లూ దేన్ని చూసి క్యాన్సర్ అంటున్నారు మీరు?

కేరాస్ జన్యువు చెడింది, కణం పిచ్చెక్కి పెరిగింది, చంపేస్తే సరి. ఇదీ మీ కథ. 90 శాతానికి పైగా రోగుల్లో ఆ జన్యువు చెడిన మాట నిజమే. కథ అక్కడితో ఆపేసేవాళ్లతోనే నా తగాదా.

1998లో సిడ్నీలోనూ జర్మనీలోనూ శాస్త్రవేత్తలు క్లోమంలోని స్టెల్లేట్ కణాలను విడదీసి చూపించారు. మామూలు రోజుల్లో విటమిన్ ఎ బొట్లు దాచుకుని నిమ్మళంగా ఉండే కణాలివి. గాయమైతే లేస్తాయి, పీచు అల్లుతాయి, మాన్పుతాయి. క్యాన్సర్ పక్కన ఆ గాయం మానదు, అల్లిక ఆగదు. రక్తనాళాలు నలిగి మందు లోపలికి పోదు. ఇంకా ఘోరం 2016లో బయటపడింది: ఈ కణాలు తమ సొంత సరుకును తామే అరిగించుకుని అలనిన్ అనే అమైనో ఆమ్లం వదులుతాయి, క్యాన్సర్ కణం దాన్ని తిని బతుకుతుంది. పస్తులుంటే, చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందని యూట్యూబ్‌లో ఊదరగొట్టే మహానుభావులారా, పక్కనే కూర్చుని వడ్డించేవాళ్లున్నారు. వాళ్ల సంగతేమిటి? చిక్కి శల్యమైన రోగి చేత అన్నం మాన్పించడానికి మీకు నోరెలా వచ్చింది?

ఇక రెండో రకం దుడుకుతనం ఉంది. చుట్టూ ఉన్నవాటినీ నరికేద్దామన్నారు. 2009లో కణాల మధ్య నడిచే హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని ఆపే మందు ఎలుకల్లో పీచును పలచబరిచి కీమోను లోపలికి పంపింది. ఎలుకలు కొన్నాళ్లు ఎక్కువ బతికాయి. కోట కూలిందని సంబరం. మనుషుల మీద ట్రయల్ 2012 జనవరిలో ఆగిపోయింది. కీమోతో పాటు ఆ మందు తీసుకున్నవాళ్లే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకన్నా ముందు పోతున్నారు.

ముందు పోతున్నారు. ఈ మాట ఇంకోసారి చదవండి.

ఎందుకో 2014లో తెలిసింది. హ్యూస్టన్‌లో రఘు కల్లూరి బృందం ఎలుకల్లో ఈ పీచు కణాలను తుడిచేస్తే గడ్డ లొంగలేదు, మరింత రెచ్చిపోయింది. క్యాన్సర్‌కు కూడు పెడుతున్న గుంపులోనే దాన్ని కట్టడి చేస్తున్నవీ ఉన్నాయన్నమాట. 2017లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ట్యూవెసన్ బృందం ఇంకా విప్పి చెప్పింది: క్యాన్సర్‌ను ఆనుకుని పీచు అల్లేవి ఒక రకం, దూరంగా ఉండి ఐఎల్-6 లాంటి వాపు సంకేతాలు వదిలేవి మరో రకం. పైగా ఒకటి మరొకటిగా మారగలదు. గుడ్డిగా కత్తి ఝళిపిస్తే ఎవరి మెడ తెగుతుంది?

కణాలను చంపకుండా దారి మళ్లించాలని, లేచిన స్టెల్లేట్ కణాన్ని మళ్లీ నిద్రపుచ్చాలని చూసేవాళ్లున్నారు. విటమిన్ డి దారిలో అది ఎలుకల్లో కొంత సాధ్యమైంది. ఎలుకల్లో! మందుల షాపుకు పరుగెత్తకండి.

పేపర్లవాళ్లను అడుగుతున్నాను. ఎలుక బతికితే ‘క్యాన్సర్‌కు చెక్’ అని పతాక శీర్షిక పెడతారు. ఆ పేపరు మడిచి పట్టుకుని రోగి కొడుకు డాక్టరు గది ముందు నిలబడతాడు, ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడి. పీచులోని హయలురోనిక్ ఆసిడ్‌ను కరిగించే ఎంజైమ్‌ను ఫోల్ఫిరినాక్స్ అనే కీమోతో కలిపి ఇచ్చిన అమెరికా ట్రయల్‌లో మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు 7.7 నెలలు. ఆ ఎంజైమ్ లేకుండా కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లకు 14.4. మరో కీమోతో 2019లో చివరి దశ ట్రయల్ కూడా ఆయుష్షు పెంచలేకపోయింది. మీ పాత సంచికలు తిరగేయండి. ఆ వార్త ఏ పేజీలో వేశారో చూపించండి.