అమెరికా చందా, అడయార్ అద్దె

బోగోలు మండలంలో ఏ ఇంట్లోనైనా బిడ్డకు పెద్ద జబ్బని తెలిసిందంటే ఆ కబురు బిట్రగుంట స్టేషను నుంచి జువ్వలదిన్నె రేవు దాకా పాకడానికి ఒక పూట కూడా పట్టదు. మధ్యాహ్నానికి వాట్సాప్‌లో ఫొటో తిరుగుతుంది. సాయంత్రానికి ఆ ఫొటో కింద ఫోన్‌పే నంబరు చేరుతుంది. రెండ్రోజుల్లో హైవే పక్కన ఫ్లెక్సీ లేస్తుంది. బడిపిల్లలు డబ్బా పట్టుకుని తరగతి తరగతికీ తిరుగుతారు. రొయ్యల గుంటల దగ్గర పనికెళ్లే ఆడవాళ్లు ఆనాటి కూలిలోంచి యాభయ్యో వందో తీసిస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో, పడవలన్నీ ఒడ్డెక్కి చేతిలో రూపాయి ఆడనప్పుడు కూడా, పట్టపుపాళేల్లో ఇచ్చే చెయ్యి ఆగదు.

ఆ ఫ్లెక్సీ మీద ‘విదేశాల్లో వైద్యం’ అన్న మాట పడితే చందా ఇంకా జోరందుకుంటుంది. బిడ్డను అమెరికా తీసుకుపోతే బతుకుతాడంట అని ఒకరంటే పదిమంది అంటారు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. క్రికెటర్ యువరాజ్ సింగ్ 2012లో అమెరికాలో చికిత్స చేయించుకుని వచ్చి మళ్లీ బ్యాటు పట్టాడు. 2018లో సినీ నటి సోనాలీ బెంద్రే న్యూయార్క్ వెళ్లింది. డబ్బున్నవాళ్లు అక్కడికే పోతున్నారంటే మందు అక్కడే ఉందని జనం లెక్క. పిల్లల క్యాన్సర్ల విషయంలో ఆ లెక్క చాలామటుకు తప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది చిన్నారులు, కౌమార వయసు పిల్లలు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో వీరిలో నూటికి 80 మందికి పైగా నయమవుతోంది. పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 మంది కూడా దక్కడం లేదు. చూశారా, అక్కడికి పోవాల్సిందే అనేవాళ్లు ఈ అంకెలనే చూపిస్తారు. అదే సంస్థ చెప్పే కారణాలు కూడా చదవాలి కదా! జబ్బును ఆలస్యంగా గుర్తించడం, ఒక జబ్బును మరొకటనుకోవడం, వైద్యం అందే చోటు దూరం కావడం, చికిత్స మధ్యలో మానేయడం, మందుల దుష్ప్రభావాలను కాచుకునే ఏర్పాట్లు లేకపోవడం, జబ్బు తిరగబెట్టడం. వీటిలో విమానమెక్కితే తీరేవి ఎన్ని?

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ రక్తానికి సంబంధించినది, లుకేమియా. దాని మందు కథలో మన పాత్ర చిన్నదేమీ కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, పై చదువుకు అమెరికా వెళ్లాలనుకున్నప్పుడు చేతిలో చిల్లిగవ్వ లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత సర్దితే 1923లో బోస్టన్ చేరాడు. అక్కడ రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలపాత్రలు శుభ్రం చేసి తిండి సంపాదించుకున్నాడు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను 1947 చివర్లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా తగ్గింది. అంతవరకూ ఆ జబ్బొచ్చిన పిల్లలకు వారాలో నెలలో లెక్కపెట్టుకోవడం తప్ప వైద్యం లేదు. ఫార్బర్ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు. ఆ మందుకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఇవాళ నెల్లూరు మందుల షాపుల్లో చవగ్గా దొరికే మాత్ర. లుకేమియా పిల్లలకు నేటికీ అది తప్పనిసరి మందు. అన్నట్టు, అదే చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ మన ఇసుక నేలల్లో నీళ్లు పోసే దిక్కు లేకపోయినా పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసినది.

అప్పుడు కాకినాడలో వేసిన డబ్బు ఒక మనిషి ఓడ ఖర్చుకు సాయపడింది. ఆ తర్వాత కొన్నాళ్లకు బోస్టన్‌లో వేసిన చందా సంగతి ఇంకా విచిత్రం. 1948 మే నెలలో ఒక రేడియో కార్యక్రమం ఫార్బర్ ఆసుపత్రిలో ఉన్న 12 ఏళ్ల క్యాన్సర్ రోగిని దేశమంతటికీ వినిపించింది. అసలు పేరు చెప్పలేదు, ‘జిమ్మీ’ అన్నారు. బేస్‌బాల్ ఆట చూసుకోవడానికి అతనికి టీవీ కొనాలంటే 20 వేల డాలర్లు పంపాలని అడిగితే, రెండు లక్షలకు పైగా వచ్చాయి. ఆ నిధి ఇప్పటికీ పిల్లల క్యాన్సర్ పరిశోధనకు, చికిత్సకు పనికొస్తూనే ఉంది. జిమ్మీ అసలు పేరు ఐనార్ గుస్తాఫ్సన్ అని లోకానికి తెలిసింది యాభై ఏళ్ల తర్వాత. అతను లారీ డ్రైవరుగా బతికి, మనవలను చూశాడు. కడుపు కోసిన మచ్చలు చూపించి, గుండు తల ఫొటో పెద్దది చేసి, ఇంటిపేరుతో సహా బిడ్డను ఊరూరా అతికించే మన ఫ్లెక్సీలవాళ్లు ఆ పేరు దాచిన తీరును కాస్త గమనించాలి. బతికి బడికి తిరిగొచ్చిన బిడ్డ పదేళ్లపాటు ఆ ఫొటోతోనే తిరగాల్సి వస్తుంది.

ఇక మన దగ్గరి సంగతి. చెన్నై అడయార్‌లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో మొదలుపెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి పిల్లలకు 1960లోనే ప్రత్యేక విభాగం తెరిచింది. 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో డాక్టర్ సురేశ్ అద్వానీ తొమ్మిదేళ్ల పాపకు దేశంలో తొలి ఎముక మజ్జ మార్పిడి చేశారు. 1984 నుంచి ముంబై, ఢిల్లీ, చెన్నై ఆసుపత్రులు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థతో కలిసి ఎంసీపీ 841 అనే ఒకే చికిత్సా క్రమాన్ని లుకేమియా పిల్లలకు పాటించాయి. మందులు దాదాపు పాతవే. ఏది ఎప్పుడు ఎంత ఇవ్వాలన్న పద్ధతి కొత్తది. అంతకుముందు నూటికి ఇరవై మంది బతకడమే గగనమైతే, ఆ తర్వాత దాదాపు సగం మంది నిలబడ్డారు. బిడ్డ అమెరికా పోలేదు, అమెరికా పద్ధతి బిడ్డ దగ్గరికొచ్చింది. ప్రోటాన్ కిరణాల చికిత్స కోసం ఒకప్పుడు సముద్రాలు దాటేవాళ్లు. 2019 జనవరిలో చెన్నైలో అపోలో ప్రోటాన్ కేంద్రాన్ని అప్పటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు జిల్లా మనిషే అయిన వెంకయ్యనాయుడు ప్రారంభించారు. తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే ఉంది. అక్కడే ఎన్టీఆర్ భార్య పేరిట, ప్రవాసాంధ్రుల విరాళాలు కూడా కలిసి లేచిన బసవతారకం ఆసుపత్రి 2000 జూన్‌లో మొదలైంది. రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి గురించి నెల్లూరోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు? లుకేమియా చికిత్స రెండు రెండున్నరేళ్లు సాగుతుంది. మొదటి కొన్ని నెలలు ఆసుపత్రికి దగ్గర్లో ఉండి తీరాలి. ఎందుకంటే తెల్లకణాలు పడిపోయిన బిడ్డకు అర్ధరాత్రి జ్వరమొస్తే గంటల్లో మందు పడాలి. బోగోలు నుంచి చెన్నై రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం, అనుబంధ ఆసుపత్రిలో మందుల ఖర్చు, పడక ఖర్చు చూసుకుంటుంది. అడయార్‌లో అద్దెగది, ముగ్గురి తిండి, ఆటోలు, ఇంటి దగ్గర మరో బిడ్డను చూసుకునే అవ్వకు పంపే డబ్బు, తండ్రి పోగొట్టుకున్న కూలి, ఇవి ఏ పథకం పద్దులోకీ పూర్తిగా రావు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ‘ఆరోగ్య ఆసరా’ పేరుతో కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టిందంటే ఈ బాధ సర్కారుకు తెలియంది కాదు. నాలుగైదు నెలలు అప్పులతో నెట్టుకొచ్చాక బిడ్డ మొహం తేటపడుతుంది, జుట్టు మొలుస్తుంది. తగ్గిపోయిందిలే అని ఊరికి వచ్చేస్తారు. మిగిలిన చికిత్స అక్కడితో ఆగుతుంది. తిరగబెట్టినప్పుడు మొదలవుతుంది, కోట్ల చందా.

మొదట్లో వేలతో నిలబడేదానికి ఫ్లెక్సీ కట్టరు. అద్దె కోసం డబ్బివ్వండి అంటే ఎవరి గుండే కరగదు. ఈ చిన్న ఖర్చులను ఎరిగినవాళ్లు లేకపోలేదు. సెయింట్ జూడ్ ఇండియా అనే సంస్థ 2006లో ముంబైలో మొదలై, క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా గదులిస్తోంది. హైదరాబాద్‌లోనూ దాని కేంద్రాలున్నాయి. రైల్వే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఇస్తుంది. బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో, రైల్వే కాలనీతో బతికిన ఊరు. అలాంటి చోట కూడా ఈ రాయితీ సంగతి పది మందిని అడిగితే ఇద్దరికి తెలిస్తే గొప్ప.

విదేశానికి పోవడం నిజంగా అవసరమయ్యే పిల్లలు అసలే ఉండరా అంటే, ఉంటారు. తిరగబెట్టిన లుకేమియాకు రోగి కణాలనే తీసి మార్చి ఎక్కించే కార్-టి చికిత్స అలాంటిదే. 2012లో ఫిలడెల్ఫియాలో తొలిసారి ఒక పాపకిచ్చారు. 2017లో అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 4.75 లక్షల డాలర్లు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన మన కార్-టికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రారంభించారు. ఖర్చు అమెరికా ధరలో దాదాపు పదోవంతు. అయితే ఆ తొలి అనుమతి పదిహేనేళ్లు నిండినవారికే. న్యూరోబ్లాస్టోమా అనే చిన్నపిల్లల క్యాన్సర్‌కు వాడే యాంటీ-జీడీ2 మందులు కూడా మన దగ్గర తేలిగ్గా దొరకవు. ఇలాంటిచోట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బిడ్డను పంపాలా, మందును తెప్పించాలా? వైద్యుడి చీటీతో సొంత వాడకానికి విదేశీ మందు తెప్పించుకునే అనుమతి చట్టంలోనే ఉంది. 2025 బడ్జెట్‌లో క్యాన్సర్, అరుదైన వ్యాధులకు వాడే 36 మందులపై కస్టమ్స్ సుంకం పూర్తిగా తీసేశారు.

భయపడాల్సింది మరోచోట. పేరున్న ఏ ఆసుపత్రీ చేయలేనిది మేం చేస్తామని చెప్పి, ముందుగానే డబ్బు కట్టించుకునే క్లినిక్‌లు మెక్సికోలోనూ ఉన్నాయి, జర్మనీలోనూ ఉన్నాయి. రుజువు లేని క్యాన్సర్ చికిత్సల కోసం బ్రిటన్ వాళ్లు 2012 తర్వాత ఆన్‌లైన్ చందాల ద్వారా 80 లక్షల పౌండ్ల దాకా పోగేశారని, అందులో అధికభాగం విదేశీ క్లినిక్‌ల కోసమేనని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. అంత చదువుకున్న దేశంలోనే అలా జరిగితే, ఇక్కడ కన్నీళ్లు తుడుచుకుంటూ యాభై ఇచ్చే మనిషికి ఆ క్లినిక్ మంచిచెడ్డలు ఎలా తెలుస్తాయి? తెలుసుకోవాల్సింది డబ్బా పట్టే పెద్దమనుషులు. బిడ్డను చూస్తున్న వైద్యుడు కాకుండా మరో క్యాన్సర్ కేంద్రం ఏమంటోందో రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఇందుకు ముంబై దాకా పోనక్కర్లేదు, రిపోర్టులు ఆన్‌లైన్‌లో పంపి టాటా మెమోరియల్ వైద్యుల అభిప్రాయం తెప్పించుకునే వీలుంది. ఆ కాగితం చేతికి రాకముందు ఫ్లెక్సీ కట్టడం, ఎంత మంచి మనసుతో చేసినా, తొందరపాటే. ఊరు ఒకసారి ఇస్తుంది, రెండోసారి ఇస్తుంది. మూడో బిడ్డ వంతు వచ్చేసరికి జేబు తడుముకుంటుంది.

నిజంగా పోవాల్సి వస్తే డబ్బు బంధువు ఖాతాలో కాకుండా ఆసుపత్రి ఖాతాకు చేరాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక మనిషి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా బయటికి పంపవచ్చు. వైద్యానికైతే ఆసుపత్రి ఇచ్చిన అంచనా చూపించి అంతకు మించి కూడా పంపవచ్చు. వ్యక్తికి నేరుగా ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్ను రాయితీ రాదు, 80జీ ఉన్న ట్రస్టుకిస్తే, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి వస్తుంది. పెద్ద మొత్తాలిచ్చే రొయ్యల రైతులకు, దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న ఊరివాళ్లకు ఇది ముందే చెప్పాలి. వచ్చింది, పోయింది, మిగిలింది ప్రతి నెలా అదే వాట్సాప్ గుంపులో పెట్టాలి. అడిగేదాకా ఆగకూడదు. లెక్క అడిగినవాడిని రాతిగుండెవాడిలా చూసే అలవాటొకటి మన ఊళ్లలో ఉంది. అడిగినవాడు తరచుగా అందరికంటే ఎక్కువ ఇచ్చినవాడే అయివుంటాడు.

ఒక్క విషయం మాత్రం ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. డబ్బు మిగిలితే ఏం చేయాలి? ఇంగ్లండ్‌లో సండర్‌లాండ్ ఫుట్‌బాల్ అభిమానిగా దేశమంతటికీ తెలిసిన బ్రాడ్లీ లోరీ అనే బాబుకు న్యూరోబ్లాస్టోమా. న్యూయార్క్‌లో చికిత్సకు 2016లో 7 లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఎవర్టన్ క్లబ్బు ఒక్కటే 2 లక్షలిచ్చింది. ప్రయాణానికి ముందే జబ్బు ముదిరిందని తేలి, బాబు 2017 జులైలో ఆరేళ్ల వయసులో చనిపోయాడు. తల్లిదండ్రులు అతని పేరిట సంస్థ పెట్టి, అలాగే చందాలు వేసుకుంటున్న ఇతర కుటుంబాలకు సాయపడుతున్నారు. బోగోలులో సంస్థ పెట్టేంత పెద్ద మాట అక్కర్లేదు. నెల్లూరులో రెడ్‌క్రాస్ నడిపే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చెన్నైలో అద్దె కట్టలేక సగంలో వచ్చేసిన పిల్లలెవరో ఆశా కార్యకర్తలను అడిగితే చెబుతారు. మిగిలిన సొమ్ము వీళ్లలో ఎవరికి పోతుందో మొదటి రోజే తేల్చుకుని, అదే ఫ్లెక్సీ మీద ఒక వరుస వేయించాలి. దానికి ఫ్లెక్సీ కొట్టేవాడు అదనంగా ఏమీ అడగడు.