పాత సామాను ఏదీ?

చాలా రోజులుగా ఈ పుటలో కొత్త టపా పడలేదు. ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసం సగంలో ఆగిపోయింది. అది ఆగడానికి కారణం నా కారు ఆగకపోవడం. నవ్వుకోండి, తప్పులేదు. అయితే ఈ మాట వెనుక 17,700 రూపాయల లెక్క ఒకటున్నది. ఆ లెక్కను గురించి నాకూ నెల్లూరులోని ఒక గ్యారేజికీ నడుస్తున్న వాదాన్ని ఈసారి మీ ముందు పెడుతున్నాను. గ్యారేజి పేరు చెప్పను. ఒక దుకాణాన్ని రచ్చకీడ్చడానికి ఇంత రాయనక్కరలేదు. ఊరూరా పాతుకుపోయిన ఒక అలవాటు మీదనే నా పోరు. అందులో నాకూ కొంత వాటా ఉన్నదని చివర ఒప్పుకోవలసి వస్తుంది.

2025 కార్తికంలో ఒకనాటి ఉదయం నేనూ మా ఇంటావిడా జొన్నవాడ కామాక్షమ్మను దర్శించుకొని బుచ్చికి తిరిగి వస్తున్నాము. మాది పదేళ్ళు దాటిన చిన్న ఆల్టో. ఊరి మొగదలలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకొన్న ముసలమ్మ ఒకతె రోడ్డు దాటుతుండగా బ్రేకు తొక్కాను. పెడలు కాలి కింద మెత్తగా దిగిపోయింది. బండి ఆగవలసిన చోట ఆగలేదు. హ్యాండు బ్రేకు లాగి, ఆమెకు రెండు బారల దూరంలో ఎలాగో ఆపగలిగాను. ఆమె వెనుదిరిగి చూసి “నిదానం సామీ” అని తన దారిన తాను పోయింది. నా చేతులు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

బుచ్చిలో మోటారు మెకానిక్కుగా ఉన్న ఒక పాత శిష్యుడికి కబురు పెట్టాను. అతను వచ్చి ముందు బ్రేకు ఆయిలు డబ్బా చూశాడు. మట్టం బాగా పడిపోయి ఉన్నది. తరువాత వెనుక ఎడమ చక్రం ఊడదీసి, డ్రమ్ము తీసి, లోపలి తడిని వేలితో తాకి చూపించాడు. “అయివారూ, ఈ చక్రం సిలిండరు కారతా ఉండాది. లైనింగులు గూడా తడిసిపోయినాయి. రెండు పక్కలా సిలిండర్లు, లైనింగులు మార్చి, కొత్త ఆయిలు పోసి గాలి తీస్తే సరిపోతాది. సామాను నెల్లూరు నించి తెప్పియ్యాల. రెండు దినాలు పడతాది. అందాకా బండి తోలబాకండి” అన్నాడు. ఎంత ఇవ్వమంటావని అడిగితే, “అయివారి కాడ దుడ్లు తీసుకుంటానా?” అని నవ్వి వెళ్ళిపోయాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో ఒప్పుకోలేదు. “బ్రేకు విషయం నాన్నా, పెద్ద గ్యారేజిలో ఇవ్వండి” అన్నాడు. వాళ్ళ బండి వచ్చి మా కారును లాక్కొనిపోయింది. వెనుక చక్రం సంగతి నేను వివరంగానే చెప్పాను. బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు “రెండు వేలు, మహా అయితే మూడు అవుతుంది సార్” అన్నాడు. కాగితం ఇవ్వలేదు; నేనూ అడగలేదు. మూడవ రోజున “బండి రెడీ సార్” అని ఫోను వచ్చింది. వెళితే ఒక తెల్లకాగితం చేతిలో పెట్టారు.

ముందు చక్రాల ప్యాడ్లు 1,150. డిస్కులు రెండు 3,200. మాస్టర్ సిలిండరు 2,350. బూస్టరు 3,900. వెనుక లైనింగులు 950. చక్రం సిలిండర్లు రెండు 900. బ్రేకు ఆయిలు 450. లేబరు 4,200. ఇతరములు 600. మొత్తం 17,700. ఆ ‘ఇతరములు’ ఏమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళు ‘మొదలగునవి’ అని రాసిన పిల్లలకు మార్కులు తగ్గించినవాణ్ణి. ఆ పదం వెనుక ఏముంటుందో నాకు తెలుసు. ఏమీ ఉండదు.

నాకు యంత్రశాస్త్రం రాదు. కాని ఒక సూత్రం ఎక్కడ ప్రవర్తిస్తుందో, ఎక్కడ ప్రవర్తించదో విచారించే అలవాటున్నది. నెలరోజులుగా నలుగురిని అడిగి తెలుసుకొన్నది ఇది. ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. కారు బ్రేకు ఆ సూత్రం మీదనే పనిచేస్తుంది. మనం పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరు ఆయిలును గొట్టాలలోకి నెడుతుంది. ఆ ఒత్తిడి నాలుగు చక్రాలకూ చేరి ముందు ప్యాడ్లను డిస్కులకూ, వెనుక లైనింగులను డ్రమ్ములకూ అదుముతుంది. ఎక్కడైనా ఆయిలు కారితే, లేదా గొట్టంలోకి గాలి చేరితే, ఒత్తిడి తగ్గి పెడలు మెత్తబడుతుంది.

ఇక బూస్టరు పని వేరు. మన కాలి బలానికి అది అదనపు బలం చేరుస్తుంది. అది చెడిపోతే పెడలు గట్టిపడుతుంది, ఎంత తొక్కినా దిగదు. నా పెడలు మెత్తబడి దిగిపోయింది. మలబద్ధకానికీ అతిసారానికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడిని ఏమంటాము? ఆ 3,900 ఎందుకని అడిగితే “సేఫ్టీ కోసం సార్” అన్నారు.

మాస్టర్ సిలిండరు లోపల రబ్బరు అరిగితే, బయట ఎక్కడా తడి కనపడకుండానే పెడలు మెల్లమెల్లగా కిందికి జారుతుందట. ఇక్కడ తడి కళ్ళెదుట కనపడుతున్నది. పాత బండిలో పెడలు అడుగంటా దిగినప్పుడు ఆ రబ్బరు కూడా దెబ్బతినవచ్చునని మా శిష్యుడే చెప్పాడు. మంచిది. దెబ్బతిన్నదయితే చూపించండి. డిస్కులు అరిగాయన్నారు. చాలా డిస్కుల మీద కనీస మందం ఎంతో ముద్రించే ఉంటుంది; కొలిచి చూపించండి. అందుకే “పాత సామాను ఏదీ?” అని అడిగాను. “స్క్రాపులో పోయింది సార్” అన్నారు.

నా వాదమంతా ఈ ఒక్క జవాబు మీద నిలబడి ఉన్నది. మార్చిన భాగం నా సొత్తు. అది చెడిందో లేదో చెప్పగలిగిన ఏకైక సాక్షి కూడా అదే. నన్ను అడగకుండా దానిని మాయం చేసినవాడు ధర్మంగానే మార్చి ఉండవచ్చు; కాని ఆ మాటను నిరూపించుకొనే దారిని తానే మూసుకొన్నాడు. అటువంటప్పుడు నేను నమ్మి తీరాలని అడిగే హక్కు అతనికెక్కడిది?

తరువాతి ఘట్టం మీలో చాలామందికి అనుభవమే. బిల్లు కావాలన్నాను. “బిల్లు కావాలంటే జి.ఎస్.టి. పడుతుంది సార్, 20,886 అవుతుంది. వద్దంటే 17,700 చాలు” అన్నారు, మేలు చేస్తున్నట్లు. కారు మరమ్మతు సేవ మీద పన్ను 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీదా 18 శాతమే. కనుక లెక్క సరిగానే వేశారు. ఆ 3,186 రూపాయలు మిగుల్చుకొని వస్తే నా చేతిలో మిగిలేది ఏమిటి? పేరూ తేదీ లేని ఒక తెల్లకాగితం. రేపు బ్రేకు మళ్ళీ పోతే ఎవరిని అడగాలి? ఇది రాయితీ అనిపించుకోదు, సాక్ష్యాన్ని అమ్ముకోవడం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, అమ్మిన వస్తువుకూ చేసిన సేవకూ బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతులలో ఒకటిగా లెక్కించింది.

డబ్బు కట్టేదాకా బండి కదలదన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను, ఒక వస్తువు మీద శ్రమా నైపుణ్యమూ వెచ్చించినవాడికి రావలసిన ప్రతిఫలం ముట్టేవరకు దానిని తన వద్ద ఉంచుకొనే హక్కు ఇచ్చింది. న్యాయమే. ఆ ‘రావలసిన’ అన్న మాట దగ్గరనే మా తగవు. మా ఇంటావిడకు ఆసుపత్రికి వెళ్ళే పని ఉండి, 20,886 కట్టి, “అభ్యంతరముతో చెల్లించడమైనది” అని వాళ్ళ ప్రతి మీద రాసి సంతకం చేసి వచ్చాను.

“పండితులు గదా, ఈ చట్టాల గొడవ మీకెందుకు?” అని ఒక మిత్రుడు అన్నాడు. ఎందుకంటే, ఇది నెల్లూరు సీమ. తిక్కనగారి ఊరు. ఆయన శిష్యకోటిలోని మూలఘటిక కేతన 13వ శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరమనే పేరుతో ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. దానికి మూలమైన యాజ్ఞవల్క్యస్మృతి సంప్రదాయంలో తగవు తీర్చడానికి ప్రమాణాలు మూడు: లిఖితము, భుక్తి, సాక్షులు. లిఖితానిది మొదటి స్థానం. నోటిమాట అంచనా, తెల్లకాగితం బిల్లు, కనపడని పాత సామాను: ఈ మూడూ కలిస్తే ప్రమాణమే లేని వ్యవహారం అవుతుంది. అటువంటి చోట బలమున్నవాడి మాటే చెల్లుతుంది. ఆనాడు బండి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో వాడే బలవంతుడు.

ఇక నా తప్పు. ఈ వేసిన ధరలలో లైనింగులు, చక్రం సిలిండర్లు, ఆయిలు కలిపితే 2,300. ఎనిమిది వందలు కూలి వేసుకొన్నా 3,100. మా శిష్యుడు చెప్పిన పని అంతే. పావుగంటలో, రెండు చేతులతో, ఒక చూపుతో అతను నిజం కనిపెట్టాడు. ఆ చూపు వెనుక ముప్పై ఏళ్ళ చదువున్నది. దానికి నేనిచ్చినదేమి? సున్న. అతను వద్దన్నాడు, నేను సంతోషంగా చెయ్యి జేబులోనే ఉంచుకొన్నాను. మనమందరమూ ఇంతే. రేకు మీద, ఇనుము మీద డబ్బు పెడతాము. తెలివి మీద పెట్టము. “చూసి చెప్పినందుకు అయిదు వందలు” అంటే పోట్లాడతాము, “కొత్త బూస్టరు మూడు వేల తొమ్మిది వందలు” అంటే తల ఊపుతాము. కూలికి బేరమాడే ఊళ్ళో కూలి సామానులో దాక్కుంటుంది. గ్యారేజిని తిట్టే ముందు ఈ మాట నాకు నేను చెప్పుకొన్నాను. అందుకని గ్యారేజి తప్పు ఒప్పయిపోదు. నేను మటుకు మొన్న వెళ్ళి, చూడటానికి రావలసిన కూలిని శిష్యుడి చేతిలో పెట్టి వచ్చాను. ససేమిరా అన్నాడు. “గురుదక్షిణ ఈసారి ఇటు నుంచి అటు” అంటే తీసుకొన్నాడు.

గ్యారేజివారికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. ఫోను వచ్చింది. “పెద్దవారు, నాలుగు వేలు తిరిగి ఇచ్చేస్తాం, వదిలేయండి సార్” అన్నారు. నేను తీసుకోలేదు. నా వయస్సును చూసి ఇచ్చేది దానం. నేనడిగినది లెక్క. ఏ భాగం ఎందుకు మార్చారో రాసి ఇస్తే, న్యాయమైనంతవరకు పూర్తిగా ఒప్పుకొంటాను. ఇవ్వలేకపోతే మిగిలినదంతా తిరిగి రావాలి. పదిహేను రోజుల గడువిచ్చాను. ఆపైన నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపయితే ఫిర్యాదుకు రుసుము లేదు. కారణం పుట్టిన రెండేళ్ళలోగా వేయవచ్చు. ఇంటి నుంచి కదలలేనివారికి 1915 అనే ఫోను సంఖ్య ఉన్నది.

మీరు బండి ఇచ్చే ముందు నాలుగు మాటలు అడగండి. అంచనా కాగితం మీద రాయమనండి. అంచనా దాటే పని తగిలితే ఫోను చేసి అడిగాకే చేయమనండి. పాత సామానును డిక్కీలో పెట్టమనండి. కూలి ఎంతో విడిగా, దాచకుండా రాయమనండి; దానికి బేరమాడకండి.

ఆ ముసలమ్మ మళ్ళీ కనపడలేదు. కనపడితే, ఇప్పుడు బ్రేకు బాగానే పడుతున్నదని చెప్పాలని ఉన్నది. పనిచేస్తున్న బ్రేకు మీద నాకు ఫిర్యాదు లేదు. దాని వెల ఎంతో నాకు తెలియనివ్వకపోవడం మీదనే ఈ తగవు.

గడువు తీరగానే జరిగినది ఈ పుటలోనే రాస్తాను. స్వస్తి.