షాఫ్ట్ నడిచాడు... హేస్ మోగించాడు!

ఫైటింగ్ సినిమాలో హీరోగారి రాక ఎలా ఉంటుంది? తలుపు బద్దలవుతుంది, నలుగురు రౌడీలు ఎగిరి పడతారు, అప్పుడు బూట్లు కనిపిస్తాయి. అవునా? 1971లో వచ్చిన ‘షాఫ్ట్’లో ఇవేమీ లేవు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో భూగర్భ రైలు మెట్లెక్కి, తోలు కోటు తొడుక్కున్న ఓ నల్లజాతి డిటెక్టివ్ పైకొస్తాడు. కార్లను ఖాతరు చెయ్యకుండా రోడ్డు దాటుతాడు. అంతే! ఒక్క దెబ్బ కొట్టడు. అయినా కుర్రకారు సీట్లలో నిటారుగా కూర్చుంటారు. ఎందుకంటారా? వెనకాల ఐజాక్ హేస్ ఉన్నాడు మరి!

ముందు డ్రమ్ముల పక్కనుండే హై-హ్యాట్ తాళాలు. ‘చిక్ చిక్ చిక్ చిక్’ మంటూ దెబ్బకి నాలుగు చొప్పున, ఊపిరి తీసుకోకుండా. వాయించింది విల్లీ హాల్. షాఫ్ట్ ఒకచోట నిలిచే మనిషి కాదు, సంగీతమూ నిలవకూడదన్నది దర్శకుడు గోర్డన్ పార్క్స్ పట్టు. దాని మీద చార్ల్స్ పిట్స్ గిటారు ‘వాకా వాకా’ అంటూ దిగుతుంది. కాలి కింద పెడల్ తొక్కుతుంటే గిటారుకి నోరొచ్చినట్టుంటుంది. ఆ తర్వాత ఫ్లూట్లు, ట్రంపెట్లు, వయొలిన్లు... హేస్ గొంతు వినపడేసరికి రెండున్నర నిముషాలు దాటిపోతాయి! మన నిర్మాతలైతే ‘పల్లవి ఏదయ్యా?’ అని కేకలేసేవారు. గొంతు విప్పాక కూడా అతను పాడాడనలేం. బొంగురుగా మాట్లాడతాడు, ఆడపిల్లల కోరస్ జవాబిస్తుంది.

అన్నట్టు, హీరో వేషం మీద ఆశతోనే ఈ పనికి ఒప్పుకున్నానని హేస్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ వేషం రిచర్డ్ రౌండ్‌ట్రీకి పోయింది. హేస్‌కి మిగిలింది బార్‌లో గ్లాసులందించే చిన్న పాత్ర. చూసేటప్పుడు జాగ్రత్తగా కనిపెట్టండి!

సినిమా కోసం కట్టిన సంగీతాన్ని మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో మళ్ళీ వాయించి రెండు ఎల్.పి.ల ఆల్బమ్ చేశారు. 15 బాణీల్లో గొంతు వినిపించేవి మూడే. వాటిలో ‘సోల్స్‌విల్’ నాకు టైటిల్ పాటకంటే ఎక్కువ ఇష్టం. హార్లెమ్ వీధుల పేదరికాన్ని ఏడవకుండా చెబుతుంది. ‘డూ యువర్ థింగ్’ మాత్రం 19 నిముషాలు దాటుతుంది. చివర్లో గిటారు కాస్త విసిగిస్తుందని ఒప్పుకోక తప్పదు.

టైటిల్ పాటా, ఆల్బమూ రెండూ అమెరికాలో నంబర్ వన్ కొట్టాయి. 1972 ఏప్రిల్‌లో ఆస్కార్ వేదిక మీద హేస్ చొక్కాకి బదులు బంగారు గొలుసులల్లిన కోటు వేసుకొచ్చాడు. ఉత్తమ గీతం బహుమతి అతనిదే. ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి స్వరకర్త. చిన్నప్పుడు టెనెసీ చేలల్లో పత్తి ఏరిన కుర్రాడు, తనని పెంచిన అమ్మమ్మని వెంటబెట్టుకొచ్చి ఆవిడకి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

ఇక్కడ శుభం కార్డు పడితే బాగుండేది. పడలేదు. రాయల్టీ బాకీల కోసం హేస్ 1974లో స్టాక్స్ మీద కోర్టుకెక్కాడు. మరుసటి ఏడాదే ఆ కంపెనీ దివాలా తీసింది. 1976లో హేస్ వంతు వచ్చింది. అప్పులు 60 లక్షల డాలర్లు దాటాయి. ఇల్లు పోయింది. అంతకన్నా ఘోరం, తను రాసి, పాడి, తయారుచేసిన పాటల మీద ఇకముందు వచ్చే రాయల్టీల హక్కు కూడా పోయింది! ఆ గిటారు మోత వినగానే ‘షాఫ్ట్’ అని ప్రపంచమంతా గుర్తుపడుతుంటే, దాన్ని కట్టినవాడి జేబులోకి పైసా రాలేదన్నమాట. తర్వాత నటుడిగా, రేడియోలో గొంతుగా మళ్ళీ నిలదొక్కుకున్నాడు. 2008లో, 65 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

వినదల్చుకుంటే మొదట ‘సోల్స్‌విల్’ పెట్టండి. ఆ తర్వాత టైటిల్ పాట. ఆ రెండున్నర నిముషాలూ ముందుకి జరపకుండా వినాలి సుమా!