రక్తం ఇచ్చినవారికి తాళంచెవిలో వాటా ఏది?

2011లో పిడుగురాళ్ల పేరు కొన్నాళ్లపాటు దేశమంతటా వినిపించింది. నేడు పల్నాడు జిల్లాలో ఉన్న ఆ పట్టణం నుంచి పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి, వారిపై కేన్సర్ మందును ప్రయోగించారన్న ఆరోపణలు వెలుగుచూశాయి. చదువురాని ఆ మహిళలు ఏ కాగితంపై దేనికి సమ్మతి తెలిపారో వారికే తెలియదన్నది అప్పటి ప్రధాన అభియోగం. ఔషధ నియంత్రణ అధికారులు ఆ సంస్థకు ఇచ్చిన అనుమతిని నిలిపివేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2009లో, అప్పటి ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. వారిలో ఆదివాసీ హాస్టళ్ల బాలికలు అనేకులు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన సంగతిని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది.

ఆ రెండు ఉదంతాల్లోనూ ప్రయోగం శరీరంపై జరిగింది కాబట్టి బాధ బయటపడింది. ఇప్పుడు అదే ప్రశ్న మరో రూపంలో ముందుకు వస్తోంది. ఒక్కసారి తీసిన రక్తం నుంచి రాబట్టిన జన్యు సమాచారం దశాబ్దాలపాటు కంప్యూటర్లలో నిలిచి ఉంటుంది. ఎందరో పరిశోధకుల చేతులు మారుతుంది. నొప్పి ఉండదు కనుక ఫిర్యాదూ ఉండదు. దాని మీద హక్కు ఎవరిది?

ఈ ప్రశ్న నేడు ముఖ్యంగా ఆటోఇమ్యూన్ వ్యాధుల పరిశోధనలో ఎదురవుతోంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే శరీరంపై తిరగబడటం వీటి లక్షణం. కీళ్లను వంకర్లు తిప్పే రుమటాయిడ్ ఆర్థరైటిస్, మూత్రపిండాలను దెబ్బతీసే లూపస్, పిల్లలకు వచ్చే టైప్-1 మధుమేహం ఈ కోవలోనివే. లూపస్ రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలు. మాచర్ల, దుర్గి ప్రాంతపు తండాలో మిరప కోతలకు వెళ్లే మహిళకు వేళ్లు ముడుచుకోకపోతే ఆమె కోల్పోయేది ఆరోగ్యం మాత్రమే కాదు, ఆ రోజు కూలి కూడా. ఆమెకు నిపుణుడైన వైద్యుడు కావాలంటే గుంటూరుకో, హైదరాబాద్‌కో పోవాలి.

ఈ వ్యాధులకు ఒకే జన్యువు కారణం కాదు. పదుల సంఖ్యలో జన్యు మార్పులు కొంచెం కొంచెంగా ముప్పును పెంచుతాయి. పరిసరాలు, పొగాకు వంటివి వాటికి తోడవుతాయి. అంత చిన్న ప్రభావాలను పసిగట్టాలంటే వేలాది రోగుల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూడాలి. ఏ ఒక్క ఆసుపత్రికీ అది సాధ్యం కాదు. అందుకే సమాచారాన్ని పంచుకోవడం ఇక్కడ తప్పనిసరి. పైగా ప్రపంచంలో ఇప్పటివరకు ఇటువంటి అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. ఐరోపావారిలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు బలమైన సంకేతంగా తేలిన పీటీపీఎన్22 జన్యు మార్పు తూర్పు ఆసియావారిలో దాదాపు కనిపించదు. ఒకరి రక్తం ఆధారంగా రాసుకున్న వైద్యం అందరికీ సరిపోదని ఇది చెబుతోంది. మన సమాచారం పరిశోధనలో లేకపోతే మన రోగులు వైద్యంలోనూ ఉండరు. కనుక తలుపులు పూర్తిగా మూసేయాలనడం అణగారిన కులాలకు మేలు చేసే వాదన కాదు.

అలాగని తలుపులు బార్లా తెరవడమూ కుదరదు. అందుకే ప్రపంచవ్యాప్తంగా నియంత్రిత పద్ధతి అమల్లో ఉంది. అమెరికాలోని డీబీగ్యాప్, ఐరోపాలోని ఈజీఏ వంటి భాండాగారాల్లో పరిశోధకుడు తన ఉద్దేశాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. ఒక సంఘం దానిని పరిశీలించి అనుమతించాలి. మన దేశంలో 2020లో ఆరంభమైన జీనోమ్ ఇండియా, 83 జనసమూహాలకు చెందిన 10 వేల మంది ఆరోగ్యవంతుల జన్యుపటాలను రూపొందించే పని చేపట్టింది. ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ నుంచి షరతులతో పరిశోధకులకు ఇస్తామని 2025 జనవరి 9న ప్రకటించారు. రేపు రోగుల సమాచారాన్ని దీనితో పోల్చి చూసినప్పుడే ఆటోఇమ్యూన్ పరిశోధన ముందుకు సాగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ పద్ధతి వ్యక్తి పేరును దాస్తుంది. మన సమాజంలో మనిషిని పట్టించేది పేరొక్కటే కాదు, కులం. 2013లో అమెరికా పరిశోధకులు పేర్లు తొలగించిన జన్యు సమాచారం నుంచి, అంతర్జాలంలోని వంశవృక్షాల సాయంతో ఇంటిపేర్లను, చివరకు కొందరు వ్యక్తులనే గుర్తించి చూపారు. పల్నాడులో అందుకు అంత శ్రమ కూడా అక్కర్లేదు. కులం, మండలం, వయసు, జబ్బు ఈ నాలుగూ తెలిస్తే చిన్న తండాలోనో చెంచు గూడెంలోనో ఆ మనిషి ఎవరో ఊరంతా చెప్పగలదు.

వ్యక్తి దొరకకపోయినా సమూహం దొరుకుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 25 సమూహాలకు చెందిన 132 మంది రక్త నమూనాలు వాడారు. వాటిలో మాల, మాదిగ, చెంచు, వైశ్య, వెలమ సమూహాలున్నాయి. దాదాపు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ నేల మీద జనం విస్తృతంగా కలిసిపోయారని, ఆ తరువాతే కులం లోపలి పెళ్లిళ్లు గట్టిపడ్డాయని 2013 నాటి మరో అధ్యయనం తేల్చింది. స్వకుల వివాహమే కులానికి ప్రాణమని అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో వాదించారు. ఆయన సమాజాన్ని చదివి చెప్పిన దానికి రక్తంలోనూ సాక్ష్యం దొరికిందన్నమాట. వైశ్యుల్లో కొందరికి మత్తుమందుతో పాటు ఇచ్చే కండరాల సడలింపు మందు ప్రమాదకరం కావడం ఈ స్వకుల వివాహ ఫలితమే. అది ముందుగా తెలిస్తే ప్రాణం కాపాడవచ్చు.

కానీ అదే రకమైన నిజం అన్ని కులాలకూ ఒకే తీరుగా పనిచేయదు. సంపద, పలుకుబడి ఉన్న కులానికి అది వైద్య జాగ్రత్త అవుతుంది. బలహీన కులానికి అది నిందగా మారవచ్చు. ‘ఫలానా కులం వాళ్లకు ఈ జబ్బు’ అనే ఒక్క పత్రికా శీర్షిక చాలు, పెళ్లి సంబంధాలు, ఇళ్లల్లో పనులు దూరం కావడానికి. చరిత్ర ఇందుకు హెచ్చరికగా ఉంది. 1901 జనగణన నాటికే రిస్లీ ముక్కు కొలతలతో కులాల అంతస్తును నిర్ధారించబోయాడు. 1871 నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే కొన్ని సమూహాలను నేరస్థులుగా ముద్రవేసింది. కులం జాతి కాదని అంబేడ్కర్ 1936లో తేల్చి చెప్పినా, శరీరంలో కులాన్ని వెదికే కోరిక చావలేదు. కారణాలు అనేకం ఉన్న ఆటోఇమ్యూన్ వ్యాధులను ఒక కులానికి అంటగట్టడం శాస్త్రరీత్యా కూడా తప్పే.

చట్టం ఈ భయాన్ని తీర్చడం లేదు. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు జన్యు సమాచారాన్ని, కులాన్ని, తెగను సున్నితమైన సమాచారంగా గుర్తించింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గీకరణే లేదు. పైగా నిర్దేశిత ప్రమాణాలు పాటించే పరిశోధనకు మినహాయింపు ఉంది. జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టమూ మనకు లేదు. వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు సమూహాల భాగస్వామ్యం గురించి మాట్లాడతాయి గానీ, అనుమతి సంఘంలో రక్తమిచ్చిన సమూహాలకు కుర్చీ వేయాలని శాసించవు.

అమెరికాలోని హవసుపాయ్ తెగ అనుభవం మనకు పాఠం. మధుమేహ పరిశోధన కోసమని 1990 నుంచి సేకరించిన వారి రక్తాన్ని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో మానసిక వ్యాధుల అధ్యయనానికి, వారి పూర్వీకుల వలసల అధ్యయనానికి కూడా వాడారు. తెగ న్యాయపోరాటం చేసింది. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్త నమూనాలను తిరిగి ఇచ్చింది. వారు కోరింది శాస్త్రాన్ని ఆపమని కాదు, తమను అడగమని.

మనం అడగవలసిందీ అదే. సమ్మతి పత్రం తెలుగులో, అవసరమైతే లంబాడీ, ఎరుకల భాషల్లో చదివి వినిపించాలి. ఏ వ్యాధి కోసం రక్తం ఇచ్చారో, దాన్ని దాటి వాడాలంటే మళ్లీ అడగాలి. సమాచారం విడుదల చేసే సంఘాల్లో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల ప్రతినిధులకు, రోగులకు ఓటు ఉండాలి. కులం పేరుతో ఫలితం ప్రచురించే ముందు ఆ పేరు వైద్యానికి అవసరమా అన్న ప్రశ్న దాటాలి. తేలిన ఫలితం, దాని నుంచి పుట్టిన పరీక్ష, మందు నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిదాకా రావాలి.

ఇదంతా పరిశోధనను ఆలస్యం చేస్తుందని కొందరు శాస్త్రవేత్తలు అనవచ్చు. కొంత ఆలస్యం నిజమే. కానీ పిడుగురాళ్ల వంటి ఘటన మరొకటి జరిగితే పోయే నమ్మకం దశాబ్దాలకు గానీ తిరిగి రాదు. నమ్మకం లేనిచోట రక్తం ఇచ్చేవారూ ఉండరు.

బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవారినీ ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని పల్నాడు నేటికీ చెప్పుకుంటుంది. జన్యు సమాచారాన్ని పంచుకోవడమూ అలాగే సాగాలి. ధాన్యం తెచ్చిన వారిని పంక్తిలోనే కాదు, వడ్డించే చోట కూడా నిలబెట్టాలి.