బల్లమీద యుద్ధము



ఈ నెల మేము వ్రాయదలచినది వేరొక సంగతి. అయితే వేసవి సెలవులలో మా సంఘపు హాలులో జరిగినది మమ్మును విడిచిపెట్టలేదు గనుక దానినే మీ ముందుంచుచున్నాము. ఇందులో మా పొరపాటు కూడ ఉన్నది. దాచము.

వి.బి.ఎస్. ముగిసిన తరువాత పదమూడు మొదలు పదిహేడేండ్ల పిల్లలకు ఏదో ఒక పని చూపించకపోతే సెల్‌ఫోను చేతికి వస్తుంది, మెడ వంగిపోతుంది. ఇది మీ ఇండ్లలోను ఉన్నదే. మా సంఘస్థులలో ఒకరి కుమారుడు హైదరాబాదునుండి సెలవుకు వస్తూ ఒక ఆట పెట్టె తెచ్చాడు. దాని పేరు 'మెమ్వార్ 44'. రిచర్డ్ బోర్గ్ అనే ఆయన రూపొందించిన ఈ ఆట 2004లో వెలువడినది. మిత్రరాజ్యాల సైన్యములు ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరమున దిగి అప్పటికి సరిగ్గా అరువది సంవత్సరములు. తేనెపట్టు గదులవలె ఆరు మూలల గళ్లున్న అట్ట, దానిమీద పరచుకొనుటకు అడవులు, కొండలు, ఊళ్లు, వంతెనలు అచ్చువేసిన బిళ్లలు, రెండు రంగులలో ప్లాస్టిక్ సిపాయిలు, ట్యాంకులు, ఫిరంగులు. కొన్ని కార్డులు, కొన్ని పాచికలు. అంతే.

పాచికలు అనగానే పెద్దలలో ఒకరిద్దరు ముఖము ముడుచుకొన్నారు. సిలువ క్రింద ప్రభువు అంగీకొరకు చీట్లు వేసిన సైనికులు వారికి జ్ఞాపకము వచ్చి ఉండవచ్చును. డబ్బు లేదు, పందెము లేదు, పిల్లలు తలుపులు తెరచిన హాలులోనే ఆడుదురు అని చెప్పాము. మత్తీయను ఏర్పరచుటకు అపొస్తలులు కూడ చీట్లు వేశారు కదా అనినప్పుడు వారు నవ్వి ఊరకున్నారు.

బడి పుస్తకములో రెండవ ప్రపంచ యుద్ధమనగా మన పిల్లలకు రెండు తేదీలు, నాలుగు పేర్లు, ఐదు మార్కులు. అట్ట పరచి కూర్చున్న తరువాత ఆ సంగతి మారిపోయినది. ఈ ఆటలో మన ఇష్టము వచ్చిన దళమును కదల్చుటకు లేదు. చేతిలోని కార్డు 'ఎడమవైపు రెండు దళములు' అని చెప్పితే, కుడివైపు వారు పడిపోవుచున్నను చూస్తూ ఉండవలసినదే. పదిహేనేండ్ల కుర్రవాడొకడు, "ఇదేం అన్యాయం అయ్యగారూ, ట్యాంకులు నా ముందే ఉన్నాయి, ఆర్డరు లేదు!" అని తల పట్టుకొన్నాడు. అప్పుడు ఆట ఆపి చెప్పాము. 1944 జూన్ 6న జర్మను సేనానులకు జరిగినది ఇదే. వెనుక నిలిపి ఉంచిన ట్యాంకు దళములను హిట్లరు అనుమతి లేనిదే కదల్చరాదు. ఆ అనుమతి మధ్యాహ్నము దాటినగాని రాలేదు. తీరమును కాయవలసిన రోమెల్ ఆ దినమున భార్య పుట్టినరోజని ఇంటివద్ద ఉన్నాడు. ఈ ముక్క ఆ పిల్లవాడు ఇక మరువడు. మేము గంటసేపు ప్రసంగించినను అంత బాగుగా నాటుకొని ఉండేది కాదు.

ఎవరైనను ఈ విధముగా ప్రయత్నించదలచితే ఒక మాట. నియమములన్నీ ముందే చదివి వినిపించకండి, పిల్లలు నిద్రపోవుదురు. ఐదు నిమిషములు చెప్పి ఆడనివ్వండి, అడిగినప్పుడు మిగతావి చెప్పండి. ఒకే యుద్ధమును రెండుసార్లు, పక్షములు మార్చుకొని ఆడించండి. గెలిచినవాడు రెండవసారి ఓడిన వాని కుర్చీలో కూర్చొనును. అది మంచిది.

అయితే అట్టమీద లేనిది చాలా ఉన్నది. ఈ యుద్ధము ఎందుకు జరిగినదో అట్ట చెప్పదు. ఆకలి లేదు, గ్యాస్ గదులు లేవు, యూదులు అసలే లేరు. మూడవ దినమున పిల్లలకు మరొక ఆటను గురించి చెప్పాము. చెకోస్లొవాకియాలోని తెరేజీన్ పట్టణమును జర్మనులు యూదులను బంధించు ఘెట్టోగా మార్చిన కాలమున, 1943లో, ఓస్వాల్డ్ పోక్ అనే బందీ అక్కడి పిల్లలకొరకు చేతితో ఒక మోనోపలీ ఆట తయారుచేశాడు. దాని గళ్లలో వీధులకు బదులు ఘెట్టోలోని బ్యారకులు, వంటశాల, గిడ్డంగి వంటివి ఉన్నవి. ఆడుతూ ఆడుతూ పిల్లలకు తాము చిక్కుకొన్న ఊరు అర్థము కావలెనని. పోక్ 1944లో ఆష్‌విట్జ్‌కు తరలింపబడి ప్రాణములు కోల్పోయాడు. ఆ ఆట మిగిలినది. దానితో ఆడిన ఇద్దరు అన్నదమ్ములు బ్రదికి బయటపడ్డారు. ఇప్పుడది యెరూషలేములోని యాద్ వషేము జ్ఞాపకశాలలో ఉన్నది.

ఇంతవరకు బాగుగానే జరిగినది. ఇక మా పొరపాటు.

నాలుగవ దినము సాయంకాలము ఆట మంచి ఊపుమీద ఉన్నది. "చంపేశాం! మొత్తం దళం లేచిపోయింది!" అని పిల్లలు బల్ల చరిచారు. మేమును చప్పట్లు కొట్టాము. ఆ సమయములో మా సంఘములోని ఒక సహోదరి టీ గ్లాసుల ట్రే తీసుకొని వచ్చింది. ఆమె ఏకైక కుమారుడు సైన్యములో జవానుగా సరిహద్దున ఉన్నాడు. ప్రతి ఆదివారము ప్రార్థన మనవులలో అతని పేరు మేమే చదువుదుము. ఆమె ట్రే బల్ల చివర పెట్టి, పెట్టె మూతలో కుప్పగా పడి ఉన్న సిపాయిలను కొంచెముసేపు చూచి, మెల్లగా అడిగింది: "అయ్యగారూ, వీటిలో మావాడు ఏ బొమ్మండీ?"

ఆమె కోపముతో అడుగలేదు. అందుకే మాకు జవాబు దొరకలేదు. పిల్లలు నిశ్శబ్దమైపోయారు. ఆమె ఖాళీ ట్రే తీసుకొని వెళ్లిపోయినది.

ఆ రాత్రి సమూయేలు రెండవ గ్రంథము రెండవ అధ్యాయము తెరిచాము. గిబియోను కొలనుకు ఈ ప్రక్క యోవాబు మనుష్యులు, ఆ ప్రక్క అబ్నేరు మనుష్యులు కూర్చున్నారు. మన పడుచువాండ్లు లేచి మన యెదుట కొంచెము ఆడి చూపింతురు అని అబ్నేరు అంటాడు, సరే అని యోవాబు అంటాడు. అటు పన్నెండుగురు, ఇటు పన్నెండుగురు. ఒకని తల ఒకడు పట్టుకొని, ఒకని ప్రక్కలో ఒకడు కత్తి పొడిచి, అందరు కలిసి కూలిపోయారు. ప్రొద్దుక్రుంకులోగా అబ్నేరు వైపు మూడువందల అరువదిమంది, యోవాబు వైపు ఇరువదిమంది చచ్చారు. ఆ ఇరువదిమందిలో యోవాబు సొంత తమ్ముడైన అశాహేలు ఒకడు. ఆట మొదలైనప్పుడు దానిని చూడగోరిన ఇద్దరు సేనాధిపతులు కూర్చొనియే ఉన్నారు. మేము కూడ ఆ సాయంకాలము కూర్చొనియే ఉన్నాము.

ఆటను మానివేయవలెనా అని ఆలోచించాము. లూకా సువార్త పదునాలుగవ అధ్యాయము మమ్మును ఆపినది. పదివేలమందితో ఇరువదివేలమందిని ఎదిరించుట తన వలన అగునా అని రాజు మొదట కూర్చొని లెక్క చూచుకొనును అని ప్రభువే చెప్పాడు. లెక్క చూచుకొనుట తప్పు కాదు, లెక్కను దిద్దుకొనుట తప్పు. 1942 మే నెలలో జపాను నావికాదళము మిడ్వే దండయాత్రను బల్లమీద ఆడి చూచుకొన్నది. పాచికల ప్రకారము వారి విమానవాహక నౌకలు రెండు మునిగినవి. తీర్పరిగా ఉన్న అడ్మిరల్ ఉగాకి, అన్ని దెబ్బలు తగలవని చెప్పి ఆ లెక్కను తగ్గించాడట. జూన్ 4న నిజముగా జరిగిన యుద్ధములో నాలుగు నౌకలు పోయినవి. ఈ సంగతి వ్రాసినవాడు ఫుచిదా మిత్సువో. ఆయన వ్రాసినవాటినన్నిటిని చరిత్రకారులు అంగీకరింపరు గాని, ఈ మనిషి మనకు తెలిసియుండవలసినవాడు. పెర్ల్ హార్బరుమీదికి మొదటి విమానములను నడిపించినది ఆయనే. 1942 ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారమున, కొలంబోమీద బాంబులు వేయించినది ఆయనే. ఆ మరునాడు, ఈస్టరు సోమవారమున, మరొక జపాను నౌకాదళపు విమానములు మన విశాఖపట్నము, కాకినాడలమీద బాంబులు వేసినవి. మా పిల్లలలో ఒక్కనికి కూడ ఇది తెలియదు! "మన వైజాగ్ మీదా?" అని రెండుసార్లు అడిగారు.

అదే నెల 18న జపానులోని నగోయామీద బాంబులు వేయుటకు వెళ్లి జపానువారికి చిక్కిన అమెరికా సైనికుడు జేకబ్ డిషేజర్. చెరలో మూడు వారములకొరకు చేతికిచ్చిన బైబిలు చదివి మారుమనస్సు పొంది, 1948లో మిషనరీగా అదే జపానుకు తిరిగి వెళ్లాడు. ఆయన సాక్ష్యపు కరపత్రము ఒక రైల్వే స్టేషనువద్ద ఫుచిదా చేతిలో పడినది. ఆ తరువాత ఫుచిదా కూడ క్రైస్తవుడై సువార్తికుడాయెను.

తరువాతి శనివారము ఆటను కొంచెము మార్చాము. తీసివేసిన బొమ్మలను పెట్టె మూతలో కుప్పవేయరాదు. ప్రభువు బల్లకు వాడని ఒక పాత స్టీలు పళ్లెములో వరుసగా నిలబెట్టవలెను. ఆట మొదలు పెట్టకమునుపు ఒక మనిషిని గురించి వినవలెను. ఆటలోని మొదటి యుద్ధము పెగాసస్ వంతెన. జూన్ 6 అర్ధరాత్రి దాటి పదహారు నిమిషములకు మేజర్ జాన్ హోవర్డ్ దళము ఇంజను లేని గ్లైడరు విమానములలో ఆ వంతెన ప్రక్కనే దిగినది. పది నిమిషములలో వంతెన చేతికి వచ్చినది. మొదట పరుగెత్తి వంతెన దాటినవారిలో లెఫ్టినెంట్ డెన్ బ్రదరిడ్జ్ గుండు తగిలి పడిపోయి మరణించాడు. ఇంగ్లండులో ఆయన భార్య నిండు చూలాలు. కొద్ది రోజులకే కుమార్తె పుట్టినది. ఆయన సమాధి రాన్‌విల్ అనే ఊరి దేవాలయపు ఆవరణలో ఉన్నది. నార్మండీలోనే కోల్‌విల్‌లో అమెరికావారి సమాధులు తొమ్మిదివేలకు పైగా, లా కాంబ్‌లో జర్మనులవి ఇరువదియొక్క వేలకు పైగా ఉన్నవని కూడ చెప్పాము. పిల్లలు జర్మనుల సంఖ్య విని మరల అడిగారు. ఆ దినమున ఆట నిదానముగా సాగినది. నవ్వు లేకపోలేదు, పిల్లలు పిల్లలే. బల్ల చరచుట మాత్రము లేదు.

ఆ సహోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి, రమ్మని పిలిచాము. వచ్చునని అనుకోలేదు, వచ్చినది. కుర్చీ వేసికొని పిల్లలమధ్య కూర్చొని, పాచిక చేతిలో త్రిప్పి చూచి, "ఈ జెండా గుర్తేంటి బాబూ?" అని అడిగింది.

"జెండా పడితే అవతలి దళం వెనక్కి తగ్గాలి ఆంటీ."

"చావదా?"

"చావదు. ఒక గడి వెనక్కి పోతుంది, అంతే."

"అయితే నన్ను వెయ్యనియ్యి" అని ఆమె మూడు పాచికలు దోసిలిలోనికి తీసుకొన్నది.